బోసు రోడ్డులో ఏప్రిల్ ఫూల్

తెనాలి అనగానే మీకు ఎవరు గుర్తొస్తారో నేను చెప్పక్కర్లేదు. పిల్లికి సలసల కాగే పాలు పోసి, ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు అది పారిపోయేట్టు చేసిన రామలింగడే గదా! ఆయన పాండురంగమాహాత్మ్యం రాసిన మహాకవి అన్న సంగతి పరీక్షలకి చదివేవాళ్ళకి గుర్తు. మనలాంటి వాళ్ళకి మాత్రం ఆ పిల్లే గుర్తు. ఆ గాలి సోకిందో ఏమో, మా తెనాలి బజార్లో కొట్లవాళ్ళకి కూడా చిలిపితనం ఒక పాలు ఎక్కువే. ఈ వారం ఊరగాయలూ, పొడులూ పక్కన పెట్టి ఆ కబుర్లే చెప్తాను. చివర్లో ఒక సంగతి ఉంది. నిజానికి దాని కోసమే ఇదంతా మొదలుపెట్టాను.

నేను 2000లో ఈ ఊరికి కోడలిగా వచ్చాను. అప్పట్లో బోసు రోడ్డంటే మా అత్తగారి మాటల్లో 'నడిచేది కాదు, నెట్టుకుపోయేది'. కొల్లిపర, దుగ్గిరాల, అమృతలూరు, ఇంకా చుట్టుపక్కల పల్లెలవాళ్ళకి పెళ్ళి బట్టలైనా, సారె సామానైనా, మట్టిగాజులైనా తెనాలే. పొద్దున్న బస్సుకి నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి దిగేవారు. ఒకావిడ దగ్గర డబ్బు, ఒకావిడ దగ్గర చీటీ, ఒకావిడ దగ్గర పులిహోర డబ్బా. సాయంత్రం మూటలతో తిరుగు బస్సు. మధ్యలో బట్టల కొట్టువాళ్ళు తెప్పించిన సోడాలు. కొనేది రెండు చీరలైనా ముప్ఫై విప్పించేవాళ్ళం. వాటిని మళ్ళీ మడతలు పెట్టే కుర్రాడి మొహం చూడాలి అప్పుడు!

అసలు ఆటలన్నీ ఆ కుర్రాళ్ళ మీదే. కొట్లో కొత్త కుర్రాడు చేరాడంటే వారం తిరక్కుండా ఒకనాడు, బేరాలు లేని మధ్యాహ్నం పూట, గుమాస్తాగారు మొహం బిగించుకుని, "ఒరే అబ్బాయ్, ఈ తాను అరగజం తక్కువొచ్చింది. ఇత్తడి సామాన్ల కొట్టుకి పోయి గుడ్డ సాగదీసే మర అడిగి పట్రా. జాగ్రత్త, పడేస్తావు" అనేవారు. వాడు పరుగో పరుగు. ఇత్తడి కొట్టు ఆయన నవ్వకుండా, "అయ్యో, ఇప్పుడే దర్జీ పట్టుకుపోయాడే" అనేవాడు. దర్జీ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "పళ్ళచక్రం అరిగింది, మందు వేయించమని మందుల కొట్టుకి పంపాను" అనేవాడు. మందుల కొట్టులో, "మా దగ్గరున్నది మీటర్లది. గజాలది కావాలంటే కిరాణా శెట్టిగారిని అడుగు." శెట్టిగారు గోనెసంచీలో అయిదు కేజీల రాళ్ళు రెండు వేసి మూతి కట్టి, "కుదపకు, లోపల స్ప్రింగుంది" అని నెత్తికెత్తేవారు. వాడు చెమటలు కక్కుకుంటూ వచ్చి మూట విప్పేసరికి రోడ్డు రోడ్డంతా గుమ్మాల్లో నిలబడి ఉండేది.

కాని దానికో పద్ధతి ఉంది. ఆట అయిపోగానే మిఠాయి కొట్టునుంచి ఆ కుర్రాడికి పొట్లం కారప్పూస, రెండు మైసూరుపాకు ముక్కలు వచ్చి తీరాలి. డబ్బులు ఆట మొదలుపెట్టినవాడివి. "పాపం, ఎందుకండీ పిల్లాణ్ణి అట్లా ఏడిపిస్తారు?" అని నేనొకసారి గుమాస్తాగారిని అడిగాను. "ఏడిపించడమేమిటమ్మా! ఈ గంటలో వాడికి రోడ్డు మీద అయిదారు కొట్లు తెలిశాయి. ఆ కొట్లన్నిటికీ వీడు తెలిశాడు. రేపు చిల్లర కోసం పంపితే నువ్వెవరివిరా అని ఎవరూ అడగరు" అన్నారు. అప్పుడు నాకా మాట చమత్కారంగానే తోచింది గాని, తర్వాత తర్వాత తెలిసొచ్చింది.

ఇంకో ఆట రూపాయి బిళ్ళది. ఫ్యాన్సీ కొట్టు ముందు గచ్చుకి జిగురుతో రూపాయి బిళ్ళ అతికించి లోపల కూచునేవారు. వంగినవాళ్ళ జాబితా రాస్తే మా తెనాలి పెద్దమనుషులు చాలామంది అందులో ఉంటారు. నేనూ వంగాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది! పెళ్ళైన కొత్త, కట్టుకున్నది పట్టుచీర, రెండు చేతులా సంచులు. గోరు విరిగింది గాని బిళ్ళ రాలేదు. లోపల్నుంచి, "అమ్మగారూ, ఉలీ సుత్తీ ఇమ్మంటారా?" అని వినిపించింది. నేలలోకి కుంగిపోయాననుకోండి. మా అత్తగారు మాత్రం తొణక్కుండా, "మా కోడలు రూపాయి కూడా వదలదు నాయనా, మా ఇల్లు నిలబెడుతుంది" అని నన్ను లాక్కుపోయారు. ఆ మాట ఇప్పటికీ మావారు అనుకూలంగా ఉన్నప్పుడల్లా వాడుకుంటూ ఉంటారు.

మొన్నా మధ్య ఆ ఫ్యాన్సీ కొట్టు ఆయన కొడుకు సరదా పడి పది రూపాయల బిళ్ళ అతికించాడట. సాయంత్రం దాకా ఒక్కరూ వంగలేదట! "అందరూ ఫోన్లు చూసుకుంటూ పోతున్నారాంటీ, కిందికి చూసేదెవరు?" అన్నాడు నాతో. వాళ్ళ నాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తకుండా, "ముందు నడవటానికి జనం ఉండాలిగదరా" అన్నాడు.

ఆ మాట మనసులో పడి, ఒక రోజు పనిగట్టుకుని ఆ గుడ్డ సాగదీసే మర తిరిగిన దారంతా నేనూ నడిచి చూశాను. బట్టల కొట్టుంది. ఎనిమిది మంది కుర్రాళ్ళుండే చోట ఇద్దరున్నారు. ఇత్తడి సామాన్ల కొట్టు లేదు, అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. దర్జీ అద్దె కట్టలేక మిషనుని ఇంటి వరండాలోకి మార్చుకున్నాడు. మందుల కొట్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, మన రోగాలు ఎక్కడికి పోతాయి! శెట్టిగారి కిరాణా రెండు షట్టర్లలో ఒకటి ఎప్పుడూ దించే ఉంటుంది. పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, కొట్లో కూచునేవాళ్ళు లేరు. మిఠాయి కొట్టు ముందు సాయంత్రాలు బాగానే జనం ఉన్నారు. మొత్తానికి ఇవాళ ఏ కుర్రాణ్ణయినా మర కోసం పంపితే, మొదటి గుమ్మం దగ్గరే ఆట ఆగిపోతుంది.

దీనికి కారణం ఫలానా అని వేలు పెట్టి చూపించలేం. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. అది కార్తీకమాసం, సరిగ్గా పెళ్ళిళ్ళ రోజులు. ఆ మరుసటేడు జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది, లెక్కలు రాయడానికే మనిషిని పెట్టుకోవాల్సొచ్చిందని కొట్లవాళ్ళు గోల పెట్టారు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఆ వేసవి ముహూర్తాలన్నీ కొట్లకి సున్నా. ఇవి గాక, రైలెక్కితే విజయవాడ ఎంతసేపు? అక్కడి పెద్ద పెద్ద షోరూముల్లో చల్లగా తిరిగి రావచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు, మన చేతిలో ఉన్న ఫోను ఒక ఎత్తు. ఈ ఫోను సంగతి దగ్గర నేను మీ ముందు ముద్దాయిని.

2024 డిసెంబర్లో మా ఆడపడుచు కూతురికి ఓణీల వేడుక చేశారు. గాజులు నావంతు. బజారుకి పోవడం బద్ధకించి ఫోన్లోనే తెప్పించాను. బొమ్మలో ఎంత ముచ్చటగా ఉన్నాయనుకున్నారు! డజనుకి ముప్ఫై రూపాయలు తక్కువ కూడాను. పిల్ల పాత గాజు ఒకటి తెచ్చి లోపలి అంచునుంచి లోపలి అంచుకి స్కేలుతో కొలిచాను. సరిగ్గా ఆరు సెంటీమీటర్లు. ఇంటర్ చదివిన దాన్ని గదా, అంగుళాల్లోకి మార్చాను, 2.36 వచ్చింది. దగ్గర్లో 2.4 ఉంది, అదే పెట్టాను. పార్సిలు విప్పితే అయిదు గాజులు ముక్కలు, మిగిలినవి పిల్ల కణుపులు దాటితే ఒట్టు! పగిలే సామాను వెనక్కి తీసుకోరట. తెల్లారితే వేడుక.

పరుగెత్తుకుంటూ బోసు రోడ్డుకే వెళ్ళాను. అక్కడ గాజుల కొట్టు పిన్నిగారు, నా పెళ్ళినాటి నుంచీ నాకు గాజులు వేసిన మనిషి, నా లెక్క విని పగలబడి నవ్వారు. "పిచ్చిదానా, అది చుక్క లెక్క కాదే, వీసాల లెక్క!" అన్నారు. మీకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. గాజు సైజులో రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. రెండు నాలుగు అంటే రెండంగుళాల మీద నాలుగు వీసాలు, అంటే రెండుంబావు. రెండు ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు. ఆరు సెంటీమీటర్లకి సరిపోయేది రెండు ఆరు. ఇంకో తిరకాసు కూడా ఉంది. 2.10 అని చూసి 2.4 కన్నా చిన్నదనుకునేరు. అది రెండు పది, రెండు ఎనిమిది కంటే పెద్దది!

పిన్నిగారికి ఈ స్కేళ్ళతో పనిలేదు. అరచెయ్యి పట్టుకుని బొటనవేలి మొదలు దగ్గర ఒక్క నొక్కు నొక్కి సైజు చెప్పేస్తారు. సీమంతం పిల్లకైతే చెయ్యి నీరు పడుతుందని ఒక సైజు పెంచి వేస్తారు. వేసేటప్పుడు చిట్లిన గాజు వాళ్ళ లెక్కే, మన లెక్క కాదు. ఆ రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చి మరీ పిల్లకి రెండు చేతులా గాజులు వేసి వెళ్ళారు. "ఇక మీ కొట్టుకి తప్ప ఎక్కడికీ పోను పిన్నిగారూ" అని ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకుని, మూడు నెలలు ఆ ఛాయలకి పోలేదు. ఏం చెప్పను!

ఇప్పుడు అసలు సంగతి. 2025 ఏప్రిల్ ఒకటో తేదీ, మంగళవారం. ఉగాది వెళ్ళి రెండు రోజులైంది. దేవుడి పటాలకి దండలు కొందామని సాయంత్రం బజారుకెళ్ళాను. గాజుల కొట్టు షట్టరు సగం దించి ఉంది. దాని మీద పెద్ద అట్ట, ఎర్ర అక్షరాలు: 'ఈ షాపు అద్దెకు ఇవ్వబడును'. నా గుండె గుభేలుమంది. వంగి లోపలికి దూరాను. పిన్నిగారు స్టూలు మీద కూచుని ఉన్నారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "స్టాకు తగ్గించి ఇచ్చేస్తున్నారా పిన్నిగారూ?"

ఆవిడ నా మొహం అట్లా చూస్తూ ఉండిపోయారు. "ఏం స్టాకు?" అన్నారు. ఆ బోర్డు సంగతి ఆవిడకి తెలియదు! ఫ్యాన్సీ కొట్టు అబ్బాయీ, వాడి స్నేహితులూ మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే తగిలించి, షట్టరు సగం దించి పోయారు. అప్పటికే కొల్లిపర నుంచి వచ్చినావిడ ఒకరు బోర్డు చూసి, 'మా అమ్మకీ నాకూ ఈవిడే గాజులు వేసింది' అని పక్క కొట్లో కన్నీళ్ళు పెట్టుకుని బస్సెక్కేసిందట. గాజులు సరఫరా చేసే టోకు వ్యాపారి దగ్గర్నుంచి, 'పాత బాకీ తీర్చి ఖాళీ చెయ్యండి' అని ఫోను. నేను వచ్చాక ఇంకో పెద్దమనిషి వంగి చూసి, "అడ్వాన్సు ఎంతండీ?" అని అడిగాడు. ఆయన ఆట ఆడటం లేదు, నిజంగానే అడిగాడు.

ఇంతలో కుర్రాళ్ళు "ఏప్రిల్ ఫూల్!" అని అరుస్తూ వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళే నెమ్మదిగా నోళ్ళు మూసుకున్నారు. గుమాస్తాగారు, ఇప్పుడు పెద్దవారైపోయారు పాపం, గుమ్మంలో నిలబడి అన్నారు, "మా రోజుల్లో ఇదే బోర్డు మా బట్టల కొట్టుకి తగిలించారమ్మా. రోడ్డంతా పడీ పడీ నవ్వింది. కోటప్పకొండ అద్దెకిస్తామన్నట్టుండేది అప్పుడు."

ఫ్యాన్సీ కొట్టు అబ్బాయి మొహం కందగడ్డైపోయింది. పిన్నిగారు వాణ్ణి తిట్టలేదు. "పద్ధతి తప్పావేంరా? మైసూరుపాకు ఏదీ?" అన్నారు. వాడు పరుగెత్తుకెళ్ళి అరకేజీ తెచ్చాడు. తలా ఒక ముక్క తిన్నాం. అప్పటికి గాని అందరికీ కాస్త నవ్వు రాలేదు. ఆవిడ టోకు వ్యాపారికి ఫోను చేసి, పిల్లకాయల పని, కొట్టు ఎక్కడికీ పోలేదని చెప్పారు. కొల్లిపర ఆవిడకి కబురు ఎట్లా పంపాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

నేను చెయ్యి చాపాను. బొటనవేలి మొదలు నొక్కి, "పెళ్ళప్పుడు రెండు నాలుగు వేశాను నీకు. ఇప్పుడు రెండు ఎనిమిది అయ్యావు" అన్నారు. రెండు డజన్లు వేయించుకున్నాను, తగ్గించమని అడగలేదు. ఒకటి చిట్లింది, దాని ఖరీదు ఇవ్వబోతే తీసుకోలేదు. కుర్రాడు బోర్డు ఊడదీసి రెండుగా చించబోతుంటే ఆవిడే ఆపారు. "చించకురా, అక్షరాలు గుండ్రంగా బాగా రాశావు" అని తీసుకుని, గాజుల అలమారా వెనక నిలబెట్టారు.

"అదెందుకు పిన్నిగారూ, పారేయండి" అన్నాను.

"ఉండనీ అమ్మా, అట్ట గట్టిగా ఉంది" అన్నారు.

ఆ తర్వాత నెలకోసారైనా ఏదో వంకన వెళ్తున్నాను. క్లిప్పులో, పిన్నులో, ఏవో ఒకటి కొంటాను. అలమారా పక్కన ఆ అట్ట అంచు, 'వ్వబడును' అన్నంత వరకూ, కనిపిస్తూనే ఉంటుంది.