మళ్లీ రాయమ్మా!

రాత్రి తొమ్మిదిన్నర. హాస్టల్ గదిలో ఫోను మోగింది. రాజమండ్రి నుంచి నాన్న.

"టీవీ చూశావా తల్లీ? ఒడిశాలో కోరమాండల్ పడిపోయిందంట. పొద్దున్నే మనూరు రావాల్సిన బండి..."

అది 2023 జూన్ 2, శుక్రవారం. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో జర్నలిజం కోర్సులో చేరి ఆర్నెల్లు దాటింది. వార్త రాయడం వచ్చేసిందన్న ధీమా అప్పుడప్పుడే కలుగుతున్న రోజులు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా... ఈ ఆరింటికీ జవాబులు దొరికితే వార్త తయారైనట్టే. ముఖ్యమైన సంగతి పైన, మిగతావి ప్రాధాన్యాన్ని బట్టి కిందికి. చోటు చాలకపోతే డెస్క్‌లో కింద నుంచి కోసుకుంటూ పోవచ్చు. తలకిందుల పిరమిడ్ అంటారు దీన్ని. మొదటి పేరా పేరు ఇంట్రో. అది కుదిరితే మిగతాదంతా దానంతటదే వస్తుందని ప్రతి జర్నలిజం తరగతిలోనూ చెబుతారు. అది కుదరడానికి ఎన్ని కాగితాలు చించాలో మాత్రం చెప్పరు!

"ఎంతమందంటమ్మా?" అడిగాడు నాన్న.

"యాభై అంటున్నారు నాన్నా."

"ఇక్కడ ఇంకో చానల్లో డెబ్బై అంటున్నాడే! నువ్వు పేపరు చదువు చదువుతున్నావు గదా... అసలు సంగతి నీకు తెలీదా?"

ఆ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. తెలీదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరికీ ఆ సమయానికి తెలీదు. బాలాసోర్ దగ్గర బోగీలు నుజ్జయి పడి ఉన్నాయి. లోపల ఎంతమంది ఉన్నారో అక్కడ నిలబడ్డవాళ్లకే తెలీదు. కానీ 'తెలీదు' అని చెప్పడానికి మనసొప్పితేగా!

పది నిమిషాల్లో సార్ దగ్గర్నుంచి మెసేజ్. 'రేపు పదింటికి బాలాసోర్ ప్రమాదంపై 150 పదాల కాపీ. బ్యానర్ అనుకుని రాయండి.' సార్ ఓ దినపత్రిక డెస్క్‌లో పాతికేళ్లు రాత్రి డ్యూటీ చేసిన మనిషి. టెలిప్రింటర్ మీద పీటీఐ, యూఎన్‌ఐ కాపీలు టకటకా దిగుతుంటే చించి తెలుగు చేసిన తరం. ఎర్ర ఇంకు పెన్ను జేబులో లేకుండా తరగతికి రాడు.

అర్ధరాత్రి దాకా కూర్చుని రాసింది.

'కోరమాండల్ మృత్యుశకటమైంది. రైలు పట్టాలు నెత్తురోడాయి. గమ్యం చేరాల్సిన బతుకులు అనంతలోకాలకు తరలిపోయాయి.'

ఎంత బాగా వచ్చిందో అనుకుంది. పక్క మంచం స్నేహితురాలికి చదివి వినిపిస్తే ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది కూడా.

పొద్దున సార్ మాత్రం కళ్లు తుడుచుకోలేదు. పెన్ను మూత తీశాడు. "శకటం అంటే ఏంటమ్మా?"

"బండి సార్."

"రిపబ్లిక్ డే నాడు పరేడ్‌లో పోతాయే, వాటిని కదా ఇప్పుడు శకటాలంటున్నాం. పట్టాలు నెత్తురోడటం నువ్వు చూశావా?"

"టీవీలో..."

"చీకట్లో లైట్లు, అంబులెన్సులు చూపించారు టీవీలో. నేనూ చూశాను. మూడు వాక్యాలు రాశావు. ఏ ఊళ్లో జరిగిందో లేదు. ఎన్నింటికి జరిగిందో లేదు. ఎంతమంది పోయారో లేదు. మీ నాన్న రాజమండ్రిలో పేపరు తెరిస్తే ఆయనకి ముందు కావాల్సింది ఏంటి? మళ్లీ రాయమ్మా!"

ఈ పడికట్టు మాటల జబ్బు ఒక్క విద్యార్థులదే కాదు. కబళించిన మృత్యువు, మృత్యుఘోష, మృత్యుతాండవం... తెలుగు పత్రికల పేజీల్లో చావుకి ఉన్నన్ని అలంకారాలు పెళ్లికి కూడా లేవు. 'చనిపోయారు' అనే మాట ఉండగా ఇవన్నీ ఎందుకొచ్చాయో!

రెండోసారి జాగ్రత్తపడింది. తెలిసిందంతా ఒక్క వాక్యంలో కూరింది.

'పశ్చిమ బెంగాల్‌లోని షాలిమార్ నుంచి చెన్నై వెళుతున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ శుక్రవారం సాయంత్రం 7 గంటల ప్రాంతంలో ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగ బజార్ స్టేషన్ వద్ద లూప్‌లైన్‌లోకి మళ్లి అక్కడ నిలిపి ఉంచిన గూడ్సును ఢీకొని పట్టాలు తప్పగా, దాని బోగీలు పక్క లైన్‌లో వెళుతున్న బెంగళూరు-హౌరా సూపర్‌ఫాస్ట్ చివరి బోగీలకు తగలడంతో అవి కూడా పట్టాలు తప్పి...'

సార్ చివరిదాకా చదవలేదు. "ఇది మీ నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించు. మధ్యలో ఎక్కడైనా ఆయన 'ఆఁ?' అన్నాడంటే అక్కడ వాక్యం తెగాలి" అన్నాడు. వరండాలోకి వెళ్లి నిజంగానే చదివింది. 'లూప్‌లైన్' దగ్గరే నాన్న "ఆఁ?" అన్నాడు.

ఇంగ్లిష్ కాపీలో ఫలానా ఇంతమంది చనిపోయారు అన్నది వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. ఎక్కడ, ఎలా అన్నవి వెనకాల వస్తాయి. తెలుగులో క్రియ చివర. ఢీకొని, పట్టాలు తప్పి, బోల్తాపడి అనుకుంటూ పోతే చనిపోయిన మనుషులు వాక్యం చిట్టచివర ఎక్కడో కనిపిస్తారు. అప్పటికి పాఠకుడికి ఏ బండి ఎటు పోతోందో కూడా గుర్తుండదు. అందుకే తెలుగులో ఇంట్రో రాయాలంటే వాక్యాన్ని విరగ్గొట్టడం రావాలి. 'ఒడిశాలో ఘోర రైలు ప్రమాదం. బాలాసోర్ జిల్లాలో శుక్రవారం సాయంత్రం మూడు రైళ్లు ప్రమాదంలో చిక్కుకున్నాయి. ఇంతమంది చనిపోయారు.' అంతే! నాన్న ఈసారి "ఆఁ?" అనలేదు.

ఇక 'ఇంతమంది' దగ్గర వచ్చింది తంటా.

రాత్రి యాభై. తెల్లారేసరికి రెండొందలు దాటింది. శనివారం మధ్యాహ్నానికి 288. ఒక్కో అంకె వచ్చినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాసింది. మూడోసారి కొట్టేసినప్పుడు సార్ ఆపాడు. "అంకె మార్చావు సరే. ఎవరు చెప్పారో రాయవే? ఇక్కడ చూడు... 288 మంది చనిపోయినట్లు తెలిసింది. ఎవరికి తెలిసింది? ఎవరు చెబితే తెలిసింది?"

ఈ 'తెలిసింది' మన విలేకరులకు గొడుగులాంటిది. ఏ వాన వచ్చినా దాని కింద దూరొచ్చు. 'సమాచారం', 'భోగట్టా', 'విశ్వసనీయ వర్గాల కథనం'... అన్నీ ఆ గొడుగుకి చువ్వలే. రైల్వే చెప్పిందా, ఒడిశా ప్రభుత్వం చెప్పిందా, ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడా అన్నది రాస్తే రేపు అంకె మారినా చదివేవాడు తికమకపడడు. మొదటి రాత్రి వచ్చిన కథనాల్లో ఏ బండి ముందు పట్టాలు తప్పిందన్న దాంట్లోనే తేడాలున్నాయి మరి.

కాపీ కింది భాగంలో ఇంకో ఎర్ర సున్నా. అక్కడ ఆ అమ్మాయి ఇలా రాసింది: 'కవచ్ వ్యవస్థ ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు.'

రాయకుండా ఉండలేకపోయింది. కోపం మరి! రైళ్లు ఢీకొనకుండా ఆపే ఆ కవచ్ ప్రయోగాలకు దక్షిణ మధ్య రైల్వేనే వేదిక. 2022 మార్చిలో రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్ ఎక్కి గుల్లగూడ-చిట్గిద్ద స్టేషన్ల మధ్య పరీక్షించారు. అదంతా ఇక్కడివాళ్లకు బాగా తెలిసిన సంగతే. బాలాసోర్ మార్గంలో కవచ్ లేదన్న మాటా నిజమే.

"ఉంటే జరిగేది కాదని ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు సార్."

"అందరి ఫోన్ నంబరు నీ దగ్గరుందా?"

తరగతి నవ్వింది. ఆ అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆదివారం ఢిల్లీలో రైల్వే బోర్డు అధికారులు విలేకరులతో మాట్లాడారు. కోరమాండల్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో ఉందనీ, అంత దగ్గరలో హఠాత్తుగా అడ్డు వస్తే కవచ్ ఉన్నా లాభం ఉండేది కాదనీ చెప్పుకొచ్చారు. అది రైల్వే తన గురించి తాను చెప్పుకున్న మాట. దాన్నీ 'అన్నారు' అనే రాయాలి తప్ప తీర్పులా రాయకూడదు. కోపం తప్పు కాదు, దానికి సంపాదకీయం పేజీ ఉంది అన్నాడు సార్. (ఆ పేజీలో చోటు దొరకడానికి మాత్రం ఇరవై ఏళ్లు పడుతుందని చెప్పలేదు.)

అదే ఆదివారం బంధువుల వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక ఫొటో పెట్టాడు. ప్రమాద స్థలాన్ని పైనుంచి తీసింది. పట్టాల పక్కన తెల్లటి కట్టడం ఒకటి. దానికో బాణం గుర్తు, నిన్న శుక్రవారం గుర్తుందా అని ఒక రాత. అది మసీదన్నమాట! చూడగానే ఆ అమ్మాయి వేళ్లు తరగతి గ్రూపు వైపు వెళ్లాయి. పంపేదే. 'ఎవరన్నారు' అన్న ఎర్ర సున్నా గుర్తొచ్చి ఆగింది. సాయంత్రానికి తేలింది... అది మసీదు కాదు, ఇస్కాన్ వారి గుడి. మతం రంగు పులిమి పుకార్లు పుట్టిస్తే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. అంతమంది శవాలు ఇంకా ఇళ్లకు చేరనే లేదు. అప్పుడే ఈ పని! బాబాయికి ఫోన్ చేసి చెబితే, "సరేలేమ్మా, నాకెవరో పంపారు, నేను పంపాను" అన్నాడు. ఆయన ఫొటో తీసేయలేదు.

జూన్ 4నే ఇంకో మలుపు. మృతుల సంఖ్య 288 కాదు, 275 అని ఒడిశా ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ప్రకటించారు.

నాన్నే ముందు ఫోన్ చేశాడు. గొంతులో ఎక్కడలేని తేలిక. "చూశావా తల్లీ! పదమూడు మంది బతికారంట!"

ఆ అమ్మాయి నోట మాట రాలేదు. కాసేపటికి చెప్పింది. "బతకలేదు నాన్నా. కొన్ని శవాల్ని రెండుసార్లు లెక్కపెట్టారంట."

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత "అలాగా" అన్నాడు.

ఆ సాయంత్రం రాసిన ఇంట్రోనే ఆ వారంలో అన్నిటికన్నా కష్టమైనది. 'మృతుల సంఖ్య 275కు తగ్గింది' అని మొదట రాసింది. చావులు తగ్గడమేమిటి? కొట్టేసింది. 'సవరించారు' అని రాసింది. నాన్న పొరబడింది సరిగ్గా అక్కడే కాబట్టి రెండో వాక్యంలోనే కారణం ఇచ్చింది. 'కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించినట్లు గుర్తించామని ఆయన చెప్పారు.' సార్ దాని మీద ఏ గీతా గీయకుండా వెనక్కిచ్చాడు. జూన్ 6న సంఖ్య మళ్లీ 288 అయింది. ఆస్పత్రుల్లో గాయపడ్డవారిలో మరికొందరు పోయి, తర్వాత 290 దాటింది. కాపీ మళ్లీ రాయాల్సి వచ్చింది.

వారం తిరిగేసరికి బాలాసోర్ మొదటి పేజీ దిగిపోయింది. తరగతిలో కొత్త అభ్యాసాలు వచ్చాయి. ఆ అమ్మాయి మాత్రం ఒక నోట్‌బుక్ విడిగా పెట్టుకుంది. బహనాగ ఊరి హైస్కూల్‌ను ప్రమాదం రాత్రి శవాగారంగా వాడారు. తర్వాత ఆ గదుల్లోకి అడుగుపెట్టడానికి పిల్లలు భయపడ్డారు. జూన్ 9న ఆ భవనాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. ఈ వార్త మన పేపర్లలో లోపలి పేజీల్లో వచ్చింది. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని తేలింది. 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర చేసిన పని గురించి అందులో ఉంది. జులైలో ముగ్గురు రైల్వే ఉద్యోగుల్ని సీబీఐ అరెస్టు చేసింది. మొదటి రాత్రి 'ఎందుకు' అన్న ప్రశ్నకు తను రాసిన జవాబుకూ, దీనికీ పొంతనే లేదు. రెండు కాగితాల్నీ పక్కపక్కనే అతికించింది.

భువనేశ్వర్ ఎయిమ్స్‌కు తరలించిన 162 మృతదేహాల్లో 134 కుటుంబాలకు చేరాయి. కొన్నిటికి ఒకటికి మించి కుటుంబాలు మావాళ్లేనంటూ రావడంతో డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మిగిలిన 28 మంది కోసం ఎవరూ రాలేదు. నాలుగు నెలలు చూశారు. 2023 అక్టోబరులో భువనేశ్వర్ నగరపాలక సంస్థ వాళ్లే అంత్యక్రియలు జరిపించారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మహిళలు చితికి నిప్పంటించారు.

ఆ రోజు తరగతిలో ఎవరూ అభ్యాసం ఇవ్వలేదు. తనంతట తానే సింగిల్ కాలమ్ ఐటమ్ రాసింది. అలవాటుగా నాన్నకి ఫోన్‌లో చదివింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆ ఇరవై ఎనిమిది మందిలో మనవైపు వాళ్లెవరైనా ఉండుంటారంటావా?"

"తెలీదు నాన్నా" అంది.