నరాల్లో హమాలీలు

కుక్క కరిచేది కాలి మీద. రేబిస్ దెబ్బతీసేది మెదడుని. మధ్యలో ఉన్న ఇంత దూరాన్నీ ఆ వైరస్ ఎలా దాటుతుంది? నడిచి కాదు... మన నరాల్లోని హమాలీల వీపెక్కి!

కాలి కండరాన్ని కదిలించే నాడీకణం వెన్నుపాములో ఉంటుంది. దాని తోక మాత్రం పాదం దాకా సాగుతుంది. అంటే దాదాపు మీటరు పొడవు! తోక చివర కావలసిన సరుకుల్లో చాలావరకు పైన, కణంలోనే తయారవుతాయి. వాటిని కిందికి మోసుకెళ్లేవే మోటార్ ప్రొటీన్లు.

వీటిలో కైనెసిన్ 1985లో బయటపడింది. అమెరికాలోని వుడ్స్‌హోల్‌లో రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైఖేల్ షీట్జ్‌లు స్క్విడ్ అనే సముద్రజీవి నరాన్ని పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టారు. కణంలోని సన్నటి గొట్టాలే దీనికి దారి. వాటి మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. ఒక్కో అడుగూ 8 నానోమీటర్లు. అంటే పన్నెండున్నర కోట్ల అడుగులు వేస్తే ఒక మీటరు! అయినా సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా ప్రయాణిస్తుంది.

తోక చివర్నుంచి పాత సరుకునీ, కబుర్లనీ పైకి చేరవేసే హమాలీ వేరు. దాని పేరు డైనీన్. గాయంలోంచి నరం కొసలోకి దూరిన రేబిస్ వైరస్ దీన్నే ఆసరా చేసుకుంటుంది.

అయితే నరంలోకి దూరేలోపు అది చాలా రోజులు కండరంలోనే ఉండిపోవచ్చు. అందుకే లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారమే పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. తల, మెడ, ముఖం మీద కరిస్తే మెదడుకి దూరం తక్కువ, ముప్పు ఎక్కువ.

కైనెసిన్ బయటపడటానికి వందేళ్ల ముందు, 1885లో, లూయీ పాశ్చర్ కుక్క కరిచిన పిల్లవాడికి టీకా వేసి కాపాడగలిగింది ఈ వ్యవధి ఉండబట్టే. వైరస్ మెదడుని చేరేలోపే ఒంట్లో రక్షణ సిద్ధం కావాలి. లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

అందుకే కుక్క కరవగానే గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం లాంటివి పూయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లన్నది పాత మాట, ఇప్పుడు చేతికే వేస్తారు. గాయం మానింది కదా అని మిగతా డోసులు ఎగ్గొట్టొద్దు. పైన చర్మం మానినా, లోపల హమాలీలకు సెలవు ఉండదు!