సగం కుట్టిన బొంతను మిషన్‌కు ఇవ్వకండి

పోయినవాళ్ల చేతిపని సగంలో ఆగితే మన ఇళ్లలో రెండే దారులు: అటక, లేదంటే దర్జీ. రెండూ నాకు నచ్చవు. దర్శిలో మా పెద్దమ్మ వదిలివెళ్లిన బొంతలో అన్నీ పాత నూలు చీరలే. అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చింది, నడిమి భాగం మిగిలిపోయింది. ఆవిడ కుట్టు బియ్యపుగింజంత, నాది చింతగింజంత. ‘విప్పి మొత్తం నువ్వే కుట్టు, వరస కలుస్తుంది’ అంది మా వదిన. విప్పలేదు. ఎవరి వరస ఎక్కడ ఆగిందో కనపడాలి. ఇక దర్జీకి ఇద్దామంటే, నలిగిన పాత గుడ్డలో మిషన్ సూది దగ్గరదగ్గరగా దిగితే ఆ గీత వెంటే చిరుగుతుంది.

అమెరికాలో 2022లో మొదలైన లూజ్ ఎండ్స్ అనే సంస్థ, చనిపోయినవారి అల్లికలు, కుట్లు పూర్తిచేసే వాలంటీర్లను ఆ కుటుంబాలతో కలుపుతోంది. మనకు సంస్థ దాకా ఎందుకు? మిరప కోతలయ్యాక అరుగు మీద బొంత పరిచే చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అమ్మకానికి రాని బొంతను ఎవరు పట్టించుకుంటారు? మీ అటక మీద ఒకటుంటే ఈ ఎండాకాలమే దించండి. కుట్టు తెలిసిన పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకోండి.