ప్లీజ్ పెట్టినా కోపమొచ్చింది

పోయిన సెమిస్టర్‌లో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి చిన్న బగ్ ఫిక్స్ పంపాను. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు ఎంతో మర్యాదగా (అనుకుని) ఇలా రాశాను: ‘ప్లీజ్ చెక్ వన్స్ అండ్ కైండ్లీ మెర్జ్ అట్ ది ఎర్లియెస్ట్.’ ప్లీజ్ ఉంది, కైండ్లీ కూడా ఉంది. ఇంకేం కావాలి? మెయింటెయినర్ నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది. ఇది నేను జీతం లేకుండా, ఖాళీ టైమ్‌లో చేసే పని అని.

నేనేం తిట్టానని? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే నాది.

తర్వాత నా వాక్యాన్ని తెలుగులో అనుకుని చూశాను. ‘ఒకసారి చూడండి.’ ఇందులో ప్లీజ్ లేదు, అయినా ఎవరికీ కోపం రాదు. మర్యాదంతా ఆ ‘అండి’లో ఉంది. ‘ఒకసారి’ అంటే లెక్క కాదు, మీకు పెద్ద శ్రమ ఇవ్వనులెండి అని. ‘కొంచెం’ కూడా అంతే. కొంచెం తలుపు వేయండి అంటే ఎవరూ సగం వేసి ఊరుకోరు. ఇంగ్లీష్‌లోకి వెళ్లేసరికి ‘వన్స్’ ఒట్టి అంకె అయిపోతుంది, ‘అండి’కి చోటే ఉండదు. మిగిలేవి చెక్, మెర్జ్ అనే రెండు ఆర్డర్లు. ముందు ప్లీజ్ తగిలించినా ఆర్డర్ ఆర్డరే. ‘అట్ ది ఎర్లియెస్ట్’ అయితే మరీ, గడువు పెట్టినట్టు.

(అసలు ‘దయచేసి’ అని మన ఇళ్లల్లో ఎవరంటారు, రైల్వే స్టేషన్ మైకు తప్ప?)

ఇదంతా స్కూల్ లీవ్ లెటర్ల దగ్గర మొదలైందని నా అనుమానం. ‘కైండ్లీ గ్రాంట్ మీ లీవ్’ అని ఏళ్ల తరబడి రాసి, మర్యాద అంటే ఆ ఒక్క పదమే అనుకున్నాం. ఇంగ్లీష్‌లో అది ఎక్కువగా ప్రశ్నలో ఉంటుంది. కుడ్ యూ, వుడ్ యూ మైండ్ అంటే అవతలివాళ్లకి కాదనే వీలు ఇవ్వడం. మనకిదేం కొత్త కాదు. హాస్టల్లో ‘అన్నా, ఛార్జర్ ఒకసారి ఇస్తావా?’ అంటాం కదా, అదే. ఆ అన్నకే గ్రూప్‌లో మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం ‘సెండ్ నోట్స్’!

మన ఇంగ్లీష్ మనది, ఎందుకు మార్చుకోవాలి అంటాడు నా రూమ్మేట్. మనలో మనకైతే నిజమే. కానీ ముక్కూమొహం తెలియని మనిషి మన ‘అండి’ని ఊహించుకోలేడు, పైగా సాయం కావాల్సింది మనకి.

మళ్లీ రాశాను. సారీ చెప్పి, వీలున్నప్పుడు చూడగలరా అని ఇంగ్లీష్‌లోనే అడిగాను. చూశారు, రెండు వారాల తర్వాత. వీలున్నప్పుడు అన్నది నేనే కదా.