వర్తకుల మౌనము – దొంగల మూలధనము

ఇంటికి కన్నము పడినచో గృహస్థుడు కేకలు వేయును, ఊరు మేల్కొనును. కంప్యూటరులలో జొరబడి, లెక్కలకు తాళము బిగించి, సొమ్మడుగు దుండగుల విషయమున మాత్రము మన వర్తకులలో పెక్కురు నోరు మెదపరు. పరువు పోవునని భయము. ఈ మౌనమే దొంగకు మూలధనము.

చట్టము చేతులు ముడుచుకొని యుండలేదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షను ప్రకారము కపటబుద్ధితో నిట్టి పని చేసినవానికి 3 ఏండ్ల వరకు కారాగారము, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. నష్టపరిహారమునకు 43వ సెక్షను కలదు. 5 కోట్ల రూపాయలకు మించని దావాను రాష్ట్ర సాంకేతిక శాఖా కార్యదర్శియే న్యాయాధికారిగా విచారించును. అంతకు మించినది న్యాయస్థానమునకు పోవును.

అయితే సాక్ష్యము లేని దావా నిలుచునా? దాడి తెలిసిన 6 గంటలలో కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెననియు, 180 దినముల లాగ్ రికార్డులను భద్రపరుపవలెననియు 2022 ఏప్రిలు 28వ తేదీని ఉత్తరువు వెలువడినది. ఇది భారమని విసుగుకొనువారు గలరు. కాని నేడు భద్రపరచిన రికార్డే రేపు వాదికి సాక్షి. ప్రతిదాడి చేసి పగ తీర్చుకొందమనుట అవివేకము. అనుమతి లేక పరుల యంత్రమున జొరబడిన వర్తకుడును అదే చట్టమునకు చిక్కును.

నేరస్థుడు విదేశమున దాగినచో పరిహారము వసూలగుట దుర్ఘటమే. 75వ సెక్షనుచే చట్టము సరిహద్దు దాటినను, అతనిని పట్టి తెచ్చుట ప్రభుత్వము వంతు. పెద్ద కంపెనీలకు వకీళ్లు గలరు. చిన్న దుకాణదారునకో, తన మొర వినుట కొక యధికారి కలడనుటయే తెలియదు. ఈ సంగతి జిల్లాజిల్లాలకును తెలుగున చాటుట ప్రభుత్వముల విధి. ఫిర్యాదు చేయుట సిగ్గు గాదని బోధించుట వర్తక సంఘముల విధి.