అసలుకన్నా కొసరెక్కువ!

అమలాపురం నుంచి అన్నవరానికో తిరుపతికో ట్యాక్సీ మాట్లాడాలంటే కోనసీమలో ఏ ఇంటి పెద్దకైనా ఒకరు నేర్పాల్సిన పనిలేదు. కిలోమీటరుకి ఎంత, రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లు లెక్కేస్తారు, డ్రైవరు బేటా ఎవరిది, టోలుగేట్ల డబ్బు ఎవరిది, రాత్రి ఆగితే అదనమా... అన్నీ బండి ఎక్కకముందే తేలిపోవాలి. లేదంటే తిరిగొచ్చాక గుమ్మం ముందు పంచాయితీ తప్పదని అనుభవం మీద తెలుసు.

అదే పెద్దమనిషి డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో అబ్బాయి పక్కన నిలబడి అద్దె కారు తీసుకునేటప్పుడు మాత్రం కౌంటర్లోని అమ్మాయి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టించేసి, తాళాలు అందుకోమంటాడు. ఇక్కడ మనిషితో మాట్లాడి తేల్చుకున్నవన్నీ అక్కడ చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటాయి. అంతే తేడా!

రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు, గల్ఫ్‌లో కష్టపడుతున్న కుటుంబాలు ఎన్నో. వేసవిలో మనవల్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు నయాగరానో గ్రాండ్ కాన్యనో చూడకుండా రారు. ఇంట్లో కారులో అందరూ పట్టరు కాబట్టి పెద్ద బండి అద్దెకు తీసుకుంటారు. అక్కడ మొదలవుతుంది లెక్క.

రోజుకి నలభై డాలర్లేగా?

ఉదాహరణకు రోజుకి 40 డాలర్ల చొప్పున వారానికి 280 డాలర్లకు కారు మాట్లాడుకున్నారనుకుందాం. కౌంటర్ దగ్గర, కారుకి దెబ్బ తగిలితే మీకు సంబంధం ఉండదంటూ రోజుకి 30 డాలర్లు కలిపారు. ఎదుటివారికి నష్టం జరిగితే రక్షణ అంటూ ఇంకో 15. బావగారు కూడా నడుపుతారంటే రెండో డ్రైవరు కింద 13. ఏడు రోజులకి మొత్తం 686 డాలర్లు. అంటే మొదట అనుకున్నదానికి దాదాపు రెండున్నర రెట్లు! పన్నులు, విమానాశ్రయ రుసుములు దీనికి అదనం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఊరిని బట్టీ సంస్థను బట్టీ మారతాయి. కానీ బిల్లు పెరిగే తీరు మాత్రం ఇదే.

అలాగని అన్నిటికీ వద్దనేయడమూ తెలివి కాదు. వాటిలో కొన్ని అనవసరం, ఒకటి మాత్రం ప్రాణంతో సమానం. ఏది ఏదో తెలియాలంటే ముందు పేర్లు అర్థం కావాలి.

నాలుగు పేర్లు, నాలుగు పనులు

సీడీడబ్ల్యూ లేదా ఎల్‌డీడబ్ల్యూ: దీన్ని అందరూ బీమా అనుకుంటారు కానీ నిజానికి బీమా కాదు. ‘కారుకి నష్టం జరిగితే మీ దగ్గర వసూలు చేయం’ అని అద్దె సంస్థ ఇచ్చే హామీ. షరతులు మీరితే ఆ హామీ రద్దు. ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపినా, మద్యం తాగి నడిపినా, మట్టిదారుల్లోకి, ఇసుకలోకి తీసుకెళ్లినా చెల్లదు. బ్రిటన్‌లో, యూరప్‌లో ఈ హామీ చాలావరకు అద్దెలోనే కలిసి ఉంటుంది. కానీ ‘ఎక్సెస్’ అని కొంత మొత్తం మన నెత్తినే ఉంటుంది. అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం, పైకప్పు తరచూ ఆ హామీలోకి రావు.

ఎస్‌ఎల్‌ఐ: మన కారు వల్ల ఎదుటి మనిషికి గాయమైనా, వాళ్ల బండి పాడైనా ఆ నష్టపరిహారం కోసం. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

పీఏఐ: కారులో ఉన్నవారికి ప్రమాదంలో గాయాలైతే కొంత సొమ్ము. పెద్దవాళ్లు ఊరి నుంచి బయల్దేరేటప్పుడే మంచి ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకుని ఉంటే దీని అవసరం తక్కువ. ఆ బీమా లేకుండా వెళ్తే మాత్రం అక్కడి ఆసుపత్రి ఖర్చుకు ఇదొక్కటీ ఏ మూలకూ చాలదు.

పీఈసీ: కారులో పెట్టిన సామాను పోతే ఇచ్చేది. ప్రయాణ బీమాలో సామానుకు రక్షణ ఉంటే దీన్ని వదిలేయొచ్చు.

‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అనుకుంటే...

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన దేశంలో థర్డ్ పార్టీ బీమా ఉన్న బండి వల్ల ఎవరికైనా గాయమైనా, ప్రాణం పోయినా కోర్టు నిర్ణయించిన పరిహారాన్ని బీమా సంస్థే చెల్లిస్తుంది. దానికి సాధారణంగా పరిమితి ఉండదు. ఆ అలవాటుతో అక్కడా ‘బండికి ఇన్సూరెన్స్ ఉందిగా’ అని ధీమాగా ఉంటారు.

అమెరికాలో లెక్క వేరు. ఒక్కో రాష్ట్రం ఒక్కో కనీస మొత్తాన్ని నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఆ కనీసం... ఒక మనిషికి గాయమైతే 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో ఎంతమంది గాయపడినా అందరికీ కలిపి 60 వేలు, ఆస్తినష్టానికి 15 వేలు. అంతకుముందు ఇవి వరుసగా 15 వేలు, 30 వేలు, 5 వేలు మాత్రమే. అద్దె కారుతో పాటు వచ్చే రక్షణ, అసలంటూ ఉంటే, చాలాచోట్ల ఈ కనీసం దగ్గరే ఆగిపోతుంది. ఆపైన వచ్చేదంతా నడిపినవాడి మీద పడుతుంది. ‘కారు సంస్థది కాబట్టి వాళ్లే చూసుకుంటారు’ అనుకోవడానికీ లేదు. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ చట్టం ప్రకారం, సంస్థ తప్పు లేనప్పుడు అద్దెకు తీసుకున్నవాడు చేసిన ప్రమాదానికి కేవలం యజమాని అయినందుకు దాన్ని బాధ్యురాలిని చేయడం కుదరదు.

2023 డిసెంబరులో టెక్సాస్‌లో జరిగిన రోడ్డు ప్రమాదం అమలాపురం ప్రాంతాన్ని ఎంతగా కలచివేసిందో ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. పరాయి దేశపు రోడ్డు మీద జరగరానిది జరిగితే కుటుంబం ఎన్ని తలుపులు తట్టాలో అలాంటప్పుడే తెలిసొస్తుంది. బంపరు మీద గీత పడితే వందల డాలర్లతో పోతుంది. మనిషికి దెబ్బ తగిలితే ఏళ్ల తరబడి సంపాదించింది పోతుంది. అయినా కౌంటర్ దగ్గర అందరి భయమూ గీతల గురించే!

మరి ఎవరికి ఏది కావాలి? అమెరికాలోనే ఉంటూ సొంత కారుకు పూర్తి బీమా ఉన్న పిల్లలకు ఆ పాలసీ చాలావరకు అద్దె కారుకీ వర్తిస్తుంది. బయల్దేరే ముందు ఏజెంటుకు ఒక్క ఫోన్ చేసి, ‘అద్దె కారుకు వర్తిస్తుందా, ఎంతవరకు?’ అని అడిగితే సరి. అక్కడి కొన్ని క్రెడిట్ కార్డులు కూడా కారుకు జరిగే నష్టాన్ని భరిస్తాయి. కాకపోతే మొత్తం అద్దె ఆ కార్డుతోనే కట్టాలి, సంస్థ ఇచ్చే సీడీడబ్ల్యూని వద్దనాలి. పైగా కార్డు చూసేది కారుకి తగిలిన దెబ్బనే. ఎదుటి మనిషికి తగిలిన దెబ్బతో దానికి సంబంధం లేదు. టూరో లాంటి యాప్‌లలో మనుషుల దగ్గర నేరుగా తీసుకునే కార్లకు చాలా కార్డుల రక్షణ వర్తించదు.

ఇండియా నుంచి వెళ్లి తానే నడపాలనుకునే వారికి అక్కడ సొంత పాలసీ ఉండదు. మన బ్యాంకు కార్డులో ఆ రక్షణ ఉందని ఊహించుకోకూడదు, షరతుల పత్రం చదువుకోవాలి. వీళ్లు మిగతావి ఏవి వదిలేసినా ఎస్‌ఎల్‌ఐని మాత్రం వదలకూడదు. ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు కారు హామీ, ఎదుటివారి నష్టపరిహారం రెండూ కలిపి ఉన్న ధరను ఎంచుకుంటే కౌంటర్ దగ్గర విడిగా కొనడం కన్నా చాలాసార్లు చవకవుతుంది.

బిల్లులో దాగిన చీమలు

విమానాశ్రయంలో కారు తీసుకుంటే అక్కడి రుసుములు వేరుగా పడతాయి. నాలుగైదు మైళ్ల అవతల ఊళ్లో ఉన్న శాఖలో తీసుకుంటే అవి చాలావరకు తప్పుతాయి. ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో వదిలేస్తే అదనం. నడిపేవారికి పాతికేళ్లు నిండకపోతే రోజువారీ అదనం. పసిపిల్లల సీటుకు రోజుకింతని అద్దె. రెండు వారాల ప్రయాణమైతే ఆ డబ్బుతో కొత్త సీటే రావచ్చు.

ఇంధనానిదీ అదే కథ. ట్యాంకు నిండుగా ఇచ్చి ముందే డబ్బు కట్టించుకునే పద్ధతిలో, ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలుకు మనమే నష్టపోతాం. నింపి ఇస్తాం, నింపి తీసుకుంటాం అనే ఒప్పందమే మేలు. తిరిగిచ్చే ముందు దగ్గర్లోని బంకులో నింపి రసీదు ఉంచుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే ఎంత శాతం ఛార్జింగుతో తిరిగివ్వాలో ముందే అడగాలి.

టోలు సంగతి మరీ విచిత్రం. అక్కడ చాలాచోట్ల ఆగి డబ్బు కట్టే గేట్లే ఉండవు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 2013లోనే నగదు తీసుకోవడం ఆపేశారు. కెమెరా నంబరును ఫొటో తీస్తుంది, బిల్లు అద్దె సంస్థకు వెళ్తుంది, సంస్థ తన సేవారుసుము కలిపి మన కార్డు నుంచి లాగుతుంది. కొన్ని సంస్థలు టోలు దాటిన రోజుకే కాదు, అద్దెకు ఉంచుకున్న ప్రతి రోజుకీ ఆ రుసుము వేస్తాయి. ఏ పద్ధతో ముందే తెలుసుకోవాలి. లండన్ నడిబొడ్డున 2003 నుంచి రద్దీ రుసుము ఉంది. తెలియక వెళ్లినా జరిమానా ఇంటికొస్తుంది.

ఇవన్నీ మొదటే కలిపి చూపించమని చట్టం లేదా అంటే... అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన, 2025 మే నెలలో అమల్లోకి వచ్చిన నిబంధన వినోద కార్యక్రమాల టిక్కెట్లకు, హోటల్ గదుల వంటి తాత్కాలిక బసకు మాత్రమే వర్తిస్తుంది. అద్దె కార్లు అందులో లేవు. కాబట్టి ‘అన్నీ కలిపి ఎంత?’ అని మనమే అడగాలి.

కార్డు గీకేటప్పుడు ‘రూపాయల్లో కడతారా, డాలర్లలోనా?’ అని యంత్రం అడిగితే అక్కడి కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయలంటే మారకం రేటు వాళ్లు చెప్పిందే వేదం. డిపాజిట్ కింద కొంత సొమ్మును కార్డులో ఆపి ఉంచుతారన్నదీ మరవకూడదు. చాలాచోట్ల డెబిట్ కార్డు చెల్లదు.

గల్ఫ్‌లో అయితే...

దుబాయ్, అబుదాబిల్లో మొదటి ప్రశ్న లైసెన్సు. చూడ్డానికి వెళ్లిన పర్యాటకులు మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌తో కారు అద్దెకు తీసుకోవచ్చు. ఆ పర్మిట్‌ను బయల్దేరే ముందే ఇక్కడ రవాణాశాఖ ద్వారా తీసుకోవాలి. గడువు ఏడాది. అక్కడ నివాస వీసా మీద పనిచేస్తున్న మనవాళ్లకు మాత్రం అది చెల్లదు, అక్కడి లైసెన్సే ఉండాలి. ‘స్నేహితుడి పేరున తీసుకున్న బండే, ఒక్క పూట నడిపితే ఏమవుతుంది’ అనుకుంటే, చిన్న ప్రమాదం జరిగినా బీమా చేతులెత్తేస్తుంది. ఇంటికి పంపాల్సిన డబ్బు అక్కడే ఆవిరవుతుంది. కేసు పడితే ఉద్యోగానికే ఎసరు.

చిన్న గీత పడినా పోలీసు రిపోర్టు తీసుకోవాల్సిందే. అది లేకుండా గ్యారేజీవాళ్లు బాగుచేయరు, బీమా ఇవ్వదు. దుబాయ్ టోలు ‘సాలిక్’ 2007లో మొదలైంది. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో గేటుకి 6 దిర్హాములు, మిగతా వేళల్లో 4 చేశారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి ఉదయం ఆరు వరకు ఉచితం. అద్దె కారులో సంస్థ రుసుము దీనికి తోడవుతుంది. జరిమానాలేమైనా వస్తాయేమోనని డిపాజిట్‌ను కొన్ని వారాలు ఆపి ఉంచడమూ మామూలే.

తాళాలు తిరిగిచ్చే దాకా

కారు తీసుకోగానే నాలుగు వైపులా, చక్రాలు, అద్దాలు, లోపల సీట్లు, మీటరు అన్నీ ఫోనులో వీడియో తీయాలి. ఉన్న గీతల్ని కాగితం మీద రాయించుకోవాలి. ఇప్పుడు మనిషి కన్నే కాదు, యంత్రం కన్ను కూడా చూస్తోంది. 2025లో అట్లాంటా విమానాశ్రయంలో హెర్ట్జ్ సంస్థ పెట్టిన కృత్రిమ మేధ స్కానరు చక్రం మీద అంగుళం గీతను పట్టుకుంది. దానికి వేసిన బిల్లు 440 డాలర్లు! అందులో మరమ్మతు 250 అయితే, మిగతా 190 సేవారుసుములే. ఆ వార్త పెద్ద చర్చకే దారితీసింది.

ఇంకో రెండు రోజులు ఉంచుకోవాలంటే ఫోనులో నోటిమాటతో సరిపెట్టకుండా, ఈమెయిల్లోనో యాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోవాలి. తీసుకెళ్లిన కార్లను దొంగిలించారంటూ తమపై తప్పుడు ఫిర్యాదులు చేశారని అమెరికాలో వినియోగదారులు వేసిన 364 దావాల్ని పరిష్కరించుకోవడానికి ఇదే హెర్ట్జ్ 2022 డిసెంబరులో దాదాపు 16.8 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. సంస్థ పుస్తకాల్లో పొరపాటు జరిగినా మన చేతిలో కాగితం ఉంటే సగం బలం.

తిరిగిచ్చేటప్పుడు మళ్లీ వీడియో. ఆఫీసు మూసేశాక తాళాలు పెట్టెలో వేసి వచ్చేస్తే, మర్నాడు ఎవరో చూసేదాకా బాధ్యత మనదే కావచ్చు. కాబట్టి వీలైనంత వరకు మనిషి ఉండగానే అప్పగించి, ‘నష్టమేమీ లేదు’ అని రాయించుకోవాలి. ఆ కాగితాలన్నీ కనీసం ఆరు నెలలు దాచాలి. కార్డు స్టేట్‌మెంట్‌ను మూడు నెలల పాటు చూస్తుండాలి. ఒప్పుకోని మొత్తం కనిపిస్తే వెంటనే సంస్థకీ కార్డు ఇచ్చిన బ్యాంకుకీ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు.

ఇక ఈ వేసవిలో ప్రయాణం పెట్టుకున్నవారు అబ్బాయితోనో అమ్మాయితోనో ఫోనులో మాట్లాడేటప్పుడు వాతావరణం, పచ్చళ్ల డబ్బాలతో పాటు మూడు ప్రశ్నలు కూడా అడగండి. కారు ఎవరెవరు నడుపుతారు? వాళ్లందరి పేర్లూ ఒప్పందంలో ఉన్నాయా? ఎదుటివారికి నష్టం జరిగితే ఎంతవరకు రక్షణ ఉంది? మూడింటికీ సూటిగా జవాబొస్తే ధీమాగా బయల్దేరొచ్చు.