ఫోను మోగలేదు.. తప్పెవరిది?

2023 సంక్రాంతికి నర్సీపట్నం వెళ్తే మా చిన్నాన్న ఎవరికీ మొహం చూపించట్లేదు. "పార్సిల్ వచ్చిందండీ, ఈ నంబరు నొక్కండి" అని ఎవడో చెబితే *21*తో మొదలుపెట్టి చివరి # దాకా నొక్కేశాడట. గంటసేపు ఫోను మోగలేదు. ఓటీపీ చెప్పే కాల్ దొంగకి వెళ్ళింది, మెసేజింగ్ ఖాతా పోయింది. చిన్నాన్నే అడిగాడనుకుని మా అత్త 20 వేలు పంపేసింది. చుట్టాలంతా ఒకటే మాట.. "బుద్ధుండక్కర్లేదా?"

బుద్ధి ఉండాల్సింది ఆయనకి కాదు, మనకి!

సిప్‌లో కాల్ మళ్ళించడం రెండు రకాలు. ఒకటి, ఫోనే 302 జవాబిచ్చి కాంటాక్ట్ హెడర్లో కొత్త చిరునామా చెప్తుంది. పిలిచినవైపు నుంచి అక్కడికి కొత్త ఇన్వైట్ వెళ్తుంది. ఇందులో కనీసం ఫోనుకి సంగతి తెలుసు. రెండోది, నెట్‌వర్కులోని సర్వరే ఇన్వైట్‌ దారి మార్చేస్తుంది. వోల్టీలో *21* పెడితే జరిగేది ఇదే. ఇన్వైట్ ఫోను దాకా రానే రాదు, ఇంక మోగేదెక్కడ?

అలాగని ప్రోటోకాల్ గుడ్డిదేం కాదు. "కాల్ మళ్ళుతోంది" అని పిలిచినవాడికి చెప్పే 181, 2002 నాటి ఆర్ఎఫ్‌సీ 3261లోనే ఉంది. ఎక్కణ్ణుంచి ఎటు మళ్ళిందో రాసే హిస్టరీ-ఇన్ఫో 2005లో వచ్చింది. మళ్ళినప్పుడు ఫోను యజమానికి కబురు పంపే పద్ధతి కూడా 3జీపీపీ ప్రమాణాల్లో ఉంది. కాకపోతే ఇవన్నీ ఆప్షనల్. ఆ మాట కనబడితే మనమేం చేస్తాం? "ఫేజ్ 2లో చూద్దాం" అంటాం. నేనూ అన్నాను.

కాల్ లూపులో పడి సర్వర్లు అలిసిపోకుండా మాక్స్-ఫార్వర్డ్స్ మాత్రం తప్పనిసరి చేశాం, మామూలుగా 70తో మొదలవుతుంది. సర్వరు మీదున్న జాలి మనిషి మీద లేదన్నమాట!

2024 ఏప్రిల్ 15 నుంచి *401# లాంటి యూఎస్‌ఎస్‌డీ మళ్ళింపులు ఆపమని టెలికాం శాఖ ఆదేశించింది. తాళం వెయ్యమన్నారు, సంతోషం. గంట కట్టాల్సింది మనం. 181 కనబడితే ఓటీపీ కాల్ కట్ చెయ్యడానికి ఎన్ని లైన్ల కోడ్ కావాలి? "మధ్యలో గేట్‌వేలు 181ని మింగేస్తాయి" అంటారా? అయితే ఆ కాల్‌ని నమ్మి ఖాతా తాళాలు ఇవ్వకండి.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో *#21# నొక్కి చూడండి. తెలియని నంబరుంటే ##002# నొక్కి తీసెయ్యండి.

ఇదంతా చెప్తే చిన్నాన్న అడిగాడు, "అయితే తప్పు నాది కాదంటావేట్రా?"

కాదు చిన్నాన్నా, మాదే.